నేలవేము పక్కన ఏముంది? – కొండకింది బీడులో ప్రాజెక్టు డైరీ

రోహిణి కార్తె చివర

రైల్వే కోడూరు వైపు, శేషాచలం కొండల కింద మాకు కొంచెం బీడు ఉంది. పైన రిజర్వు అడవి హద్దురాళ్ళు, కింద పక్కోళ్ళ అరటి, బొప్పాయి తోటలు, మధ్యలో మా ముక్క. నాన్న ఉన్నప్పుడు వేరుశనగ వేసేవారు. ఆయన పోయాక సీతాఫలం చెట్లకూ మేకలకూ వదిలేశాం. అందులో మందుమొక్కలు పెట్టాలని చాలాకాలంగా మనసులో ఉంది. ఈసారి మొదలుపెట్టాను.

అనుకున్నవి ఐదు: నేలవేము, సుగంధిపాల, పొడపత్రి, పిల్లితేగలు, మారేడుగడ్డ. ఐదూ పైన కొండలో ఎవరూ పెట్టకుండా పెరిగేవే. ఏది ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. సాగు పుస్తకం ఏది తెరిచినా "నీరు నిలవని ఎర్రనేల, మోస్తరు నీడ" అంటుంది. సగం మందుమొక్కలకు ఇదే మాట. మా బీడులో చూస్తే పై అంచున గులకరాళ్ళు, మధ్యలో ఎర్రమట్టి, కింది మూలన చౌడు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఎక్కడని తవ్వను?

అందుకని దారి మార్చాను. ఈ మొక్కలు కొండలో సొంతంగా నిలబడిన చోటికి వెళ్ళి, వాటి చుట్టూ ఏమేం ఉన్నాయో రాసుకోవాలి. తర్వాత మా బీడులో అవే ఇరుగుపొరుగు ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టాలి.

"భూసార పరీక్ష చేయిస్తే అయిపోతుంది కదా బావా" అన్నాడు మా బామ్మర్ది. చేయిస్తాను. కానీ ఆ కాగితం సంచిలో పోసిచ్చిన మట్టి సంగతే చెబుతుంది. అక్కడ మధ్యాహ్నం ఎండ ఎంతసేపు పడుతుంది, తుఫాను వానకు నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయి, మే నెలలో జానెడు లోతున తడి ఉంటుందా, మేకలు ఎంత తరచుగా మేస్తాయి – ఇవేవీ అందులో ఉండవు. అక్కడే పుట్టి రెండు మూడు కరువులు దాటిన పొద ఇవన్నీ చూసే నిలబడింది.

నేలవేము విత్తనం మాత్రం ఆగకుండా నారుమడిలో చల్లేశాను. ఆవగింజ కన్నా చిన్న గింజ కాబట్టి ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా గడ్డి కప్పాను.

మృగశిర

సామాను పెద్దగా ఏమీ లేదు. వెదురు పుల్లలు, ముళ్ళు వేసిన నైలాన్ తాడు, గళ్ళ నోటుబుక్కు, ఫోను, నేల పులుపు చూసే పీహెచ్ కాగితాలు, పాత హార్లిక్స్ సీసాలు, చిన్న సీసాలో వెనిగర్. గునపం మా బీడులో తప్ప ఎక్కడా వాడను. పైనంతా ఎర్రచందనం అడవి. సంచీ, గునపం వేసుకుని ఆ దారిన పోతే ఎవరికైనా అనుమానం వస్తుంది, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. బీటు ఆఫీసరుకు ముందే చెప్పి, ఊరివాళ్ళు నడిచే దారి పక్కనే చూస్తున్నాను. అడవిలో ఆకు కూడా తెంపను. చూడటం, రాయడం, ఫొటో తీయడం, అంతే.

పద్ధతి ఇది. మందుమొక్క మధ్యలో ఉండేలా మీటరు చదరం తాడు పరిచి, లోపలి గడ్డి, చిన్న మొక్కలు రాస్తాను. అదే కేంద్రంగా ఐదు మీటర్ల చదరంలో పొదలు, తీగలు. పది మీటర్లలో చెట్లు. ప్రతిదానికీ అది ఎంత నేల కప్పిందో అంచనా: అక్కడక్కడ, పావు, సగం, సగానికి పైన. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త బ్రాన్-బ్లాంకే వాడిన కొలతకు ఇది నా నాటు రూపం. ఒక్కో మొక్కనూ లెక్కపెట్టడం కన్నా ఇది తేలిక, పనికీ వస్తుంది.

దీనికి ఒక జత కూడా ఉండాలి. మందుమొక్క ఉన్న చదరం పక్కనే, అదే వాలులో, అది లేని చదరం ఒకటి రాయాలి. ఉన్నచోటే రాసుకుంటూ పోతే ఆ కొండలో ఏది ఎక్కువో తెలుస్తుందే తప్ప ఈ మొక్కకు ఏది తోడో తెలియదు. లంటానా అన్ని చదరాల్లోనూ వస్తుంది. ఎక్కడ చూసినా ఉండే మొక్క ఏ సమాచారమూ ఇవ్వదు. వయ్యారిభామ ఉంటే మనుషులో పశువులో ఆ నేలను కెలికారని మాత్రం అర్థం. కొన్ని చోట్లే ఉండి కొన్ని చోట్ల లేని మొక్కే నాకు కావలసిన సాక్షి.

మనుషులు నాటిన చెట్లను వేరే పేజీలో రాస్తున్నాను. కొండ అంచున ఒంటరిగా పెద్ద చింతచెట్టు కనబడితే అక్కడ ఒకప్పుడు ఇళ్ళుండేవేమో అనుకోవాలి గానీ నేల గురించి ఊహించకూడదు.

ఆరుద్ర – వాలు మీద

రెండు మంచి వానలు పడ్డాయి. దారిలో మేకలు కాసే తాత కలిశాడు. ఊళ్ళో అందరం ఆయన్ను తాతా అనే పిలుస్తాం. నా తాడూ పుల్లలూ చూసి "ఏం నాయనా, అడవికే పట్టా చేయిస్తాండావా?" అని నవ్వాడు. సంగతి చెప్పాక నా వెంటే వచ్చాడు.

వాలు మీద నేల పలచన. అడుగున క్వార్ట్‌జైట్ రాయి, పైన గులకల మధ్య ఎర్రమట్టి. చెట్లలో ఎర్రచందనం, అందుగు, కొండగోగు. పొదల్లో బందారు, తంగేడు. కింద బోద గడ్డి, వెంపలి. ఈ గుంపులోనే సుగంధిపాల దొరికింది. వెతికితే కనబడదు, కూర్చుంటే కనబడుతుంది. సన్నని తీగ గడ్డి దుబ్బు మీదికి పాకి, ఎదురెదురు ఆకులతో ఉంది. ఆకు మధ్య ఈనె వెంట తెల్లటి చార. ఒకే తీగకు కింద వెడల్పు ఆకులు, పైన కత్తిలాంటి సన్నాకులు ఉంటే రెండు వేరే మొక్కలు అనుకునే ప్రమాదం ఉంది. నల్లతీగతో పొరబడేవాళ్ళూ ఉన్నారు. తేల్చుకోవడానికి వేరు వాసన చూడాలి. దారికి కోసుకుపోయిన గట్టు దగ్గర ఒక వేరు ముక్క బయటపడి ఉంటే వంగి వాసన చూశాను. ఈ వేరుతో చేసే నన్నారి షర్బత్ తాగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఇరుగుపొరుగు ఏం చెబుతున్నాయి? అందుగు, కొండగోగు రెండూ రాతివాలు మీద, పలచని మట్టిలో, మండే ఎండలో బతికేవి. వెంపలి పప్పుజాతిది. గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో సంపాదించుకుంటుంది కాబట్టి బలం లేని నేలలోనూ నిలుస్తుంది. బందారు ఒక్కటే దట్టంగా ఉంటే ఆ వాలు ఒకప్పుడు నరికిందో కాలిందో అయి ఉండొచ్చు. ఇక్కడ మిగతావాటితో కలిసి పలచగానే ఉంది. లేనివాటినీ రాశాను: తుంగ లేదు, మోదుగ లేదు. మోదుగ నీళ్ళు నిలిచే జిగటనేలను కూడా తట్టుకుంటుంది, తుంగ తడి ఉంటే వదలదు. రెండూ లేవంటే వాన ఆగగానే నీరు జారిపోతుందని అర్థం. మొత్తం మీద సుగంధిపాలకు కావలసింది బలమైన నేల కాదు, నీరు జారే నేల.

దానికి జతగా, కొంచెం కింద పల్లంలో మట్టి మందంగా పేరుకున్న చోట ఒక చదరం వేశాను. అక్కడ గడ్డి నడుము ఎత్తుంది. సుగంధిపాల ఒక్కటీ లేదు.

మారేడుగడ్డ ఇంకా పైన ఉంది. బండ నెర్రెల్లో పుట్టి, బొమ్మజెముడు, నల్లేరుతో కలిసి అల్లుకుంటుంది. బండ పైభాగం చేయి పెట్టలేనంత వేడి. అదే నెర్రెలోకి వేలు పెడితే చల్లగా, చెమ్మగా ఉంది. ఈ తేడా వల్లే అది బతుకుతోంది. పైన ఎడారి, లోపల వాన నీరు దిగి ఎండకు ఆవిరి కాకుండా నిలిచే సందు. తాత మాట: "ఇది మట్టిలో పెరిగేది కాదు నాయనా, రాతిసందులో పెరిగేది. నల్లమట్టిలో పెడితే కుళ్ళిపోతాది." ఈ రెండు వేర్ల సువాసన ఒకే రసాయనానిది. వెనీలా వాసన ఇచ్చే వెనిలిన్‌కు దగ్గరి చుట్టం. అందుకే షర్బత్‌కు రెండూ వాడతారు. వేరు మొత్తం పీకితే మొక్క చచ్చినట్టే కాబట్టి దారి పక్క నెర్రెలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. తాత చూపించిన చోటు ఎక్కడో ఇక్కడ రాయను.

పునర్వసు

చదరాలేమీ వేయలేదు. నారుమడిలో కలుపు తీశాను. నేలవేము నారు బాగా వచ్చింది.

పుష్యమి – ముళ్ళపొదలు

హద్దురాళ్ళ దగ్గర కలివి, బలుసు, పరికి కలిసిన పొదలు. ఈ పొదల లోపల పిల్లితేగలు, అంచు నీడలో నేలవేము, పైన అల్లుకున్న పొడపత్రి. మూడూ ఒకేచోట ఉండటంతో భలే సంబరపడ్డాను. పొద కింద ఆకురాలి కుళ్ళిన మెత్తని మట్టి, పగటి నీడ. ఇంకేం, ఈ మూడింటికీ ఇదే కావాలి అని రాసేవాణ్ణే. తాత మేకలు అడ్డుపడ్డాయి.

ఒక మేక ముందుకాళ్ళు కొమ్మ మీద పెట్టి బలుసు చివుళ్ళు కొరుకుతోంది. పొద బయటికి వచ్చిన పిల్లితేగ లేత కొన ఒక్కటుంటే దాన్నీ నమిలేసింది. ముళ్ళ లోపల ఉన్న తీగ జోలికి మాత్రం పోలేకపోయింది. నేలవేము దగ్గర మూతి పెట్టి వదిలేసింది. అంత చేదు మరి.

అంటే పిల్లితేగలు ముళ్ళపొదలో ఉన్నది నీడ కోసమే అని చెప్పలేం. బయట మొలిచినవన్నీ మేకల పాలై, లోపలివే మిగిలి ఉండొచ్చు. అప్పుడు ఆ కలివి పొద నేల గురించి సాక్ష్యం చెప్పడం లేదు, మేత గురించి చెబుతోంది. నేలవేముకు ఆ వాదన వర్తించదు. దాన్ని మేకలు ఎలాగూ వదిలేస్తున్నాయి. ఐనా పొద అంచునే ఎక్కువగా ఉంది, బయట ఎండలో తక్కువ. కాబట్టి దానికి నీడో, ఆకుమట్టో నిజంగానే అక్కరకొస్తోంది. పక్కపక్కనే ఉన్న రెండు మొక్కలకు ఒకే పొద రెండు వేరే కారణాలతో తోడుండొచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి దారి ఉంది. కింద పక్కోళ్ళ మామిడితోటకు ఏళ్ళ తరబడి ముళ్ళకంచె ఉంది, మేకలు పోవు. అడిగి లోపలికి వెళ్ళాను. తోట గట్టు మీద పొద నీడ ఏమీ లేకుండానే పిల్లితేగలు రెండు దుబ్బులు పచ్చగా, పిలకలు వేసి ఉన్నాయి. రెండు దుబ్బులతో తీర్పు ఇవ్వలేం కానీ నా అనుమానం మాత్రం బలపడింది.

పొడపత్రిని ఖాయం చేసుకోవడానికి మా బీడులో పొద మీద ఉన్నదాని ఆకు ఒకటి నమిలాను, తాత కూడా నమిలాడు. చేదు కాసేపు నాలుకంతా పరుచుకుంది. తర్వాత ఆయన రొంటిన ఉన్న బెల్లం ముక్క తీసి సగం నాకిచ్చాడు. నోట్లో ఇసుకలా ఉంది, తీపి సున్నా. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కాసేపు మూసేస్తాయి. "బెల్లం దండగ" అన్నాడు తాత.

ఇదే పొదల్లో అడవినాభి కూడా పూతకు వస్తోంది. ఎరుపు పసుపు పూలు, ఆకు కొసన చుట్టుకునే తీగ. దాని గడ్డలో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది, తింటే ప్రాణం పోతుంది. పిల్లితేగల గడ్డ తవ్వుతూ పక్కన తగిలే నాభి గడ్డను దీంట్లో కలిపేస్తే అంతే సంగతులు. ఇలాంటి పొరుగును నేల కోసం కాదు, మన ప్రాణం కోసం గుర్తు పెట్టుకోవాలి.

ఆశ్లేష

నేలవేము నారు మూడు చోట్ల నాటాను: సీతాఫలం చెట్ల అంచు నీడలో, నడి బీడులో పూర్తి ఎండలో, పాత మేకల దొడ్డి పక్కన. మట్టి దేనికీ మార్చలేదు, ఎరువు వేయలేదు. నీళ్ళు మూడింటికీ ఒకే కొలత.

మఖ – వంక గట్టు

ఈ నెలంతా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వంకే. కొండ దిగి వచ్చే వంక వెంట నేరేడు, తెల్లమద్ది, కానుగ, వావిలి. వాలు మీద సాధన వెదురు ఉంటే ఇక్కడ ముళ్ళ వెదురు. రెండూ వెదుర్లే ఐనా మొదటిది పొడివాలుకు, రెండోది లోతైన తడిమట్టికి గుర్తు. దూరం నుంచి వెదురు పొద రకం చూస్తే చాలు, అక్కడ నీరు ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది.

గట్టు మీద పెద్ద నేరేడు కింద మీటరు చదరం వేశాను. పైన చూస్తే ఏడాది పొడవునా నీళ్ళు తాగే చెట్టు. కింద చూస్తే వెంపలి, పల్లేరు, ఎండిన గడ్డి. పల్లేరు పొడి ఇసుకనేల మొక్క. ఒకే చదరంలో ఒక సాక్షి తడి అంటోంది, ఇంకో సాక్షి పొడి అంటోంది. మొదట చదరం తప్పు చోట వేశానేమో అనిపించి జరిపి చూశాను. అక్కడా అంతే.

తర్వాత గట్టును వంక కోసిన చోట దిగి చూస్తే విషయం బయటపడింది. పైన మోకాలి లోతు దాకా ఇసుక, కింద జిగటమట్టి, దాని కింద చెమ్మ. నేరేడు వేరు ఆ కింది పొర దాకా దిగి ఉంది. పల్లేరు వేరు పై ఇసుకను దాటలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేర్వేరు లోతుల గురించి.

దీనితో నా నోటుబుక్కు తిరగరాయాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి పొరుగు మొక్క పక్కనా దాని వేరు ఏ లోతుదో ఒక గుర్తు పెడుతున్నాను: పై, నడిమి, కింది. నేలవేము వేరు పొట్టిది. దాని గురించి తెల్లమద్దినో నేరేడునో అడిగి లాభం లేదు, పక్కనున్న గడ్డిని, ఏడాది మొక్కలను అడగాలి. పిల్లితేగల గడ్డల గుత్తి నడిమి పొరలో ఉంటుంది కాబట్టి దానికి పొదలు సాక్షులు. సుగంధిపాల వేరు కట్టెలా గట్టిపడి లోతుకు పోతుంది కాబట్టి దానికి గడ్డి మాట ఒక్కటే వింటే చాలదు, చెట్లను కూడా చూడాలి.

వయసు సంగతి కూడా ఇలాంటిదే. ఏడాది మొక్క ఈ ఏటి వానను చెబుతుంది. ముప్పై ఏళ్ళ అందుగు ముప్పై ఏళ్ళ సగటును చెబుతుంది. మంచి వానల ఏడాది తేమను ఇష్టపడే చిన్న మొక్కలు వాలు మీదికి కూడా ఎక్కుతాయి. వాటిని నమ్మి నాటితే వచ్చే ఏడు మొహం వాచిపోతాం.

చెట్లను బట్టి కింది నీళ్ళు చెప్పడం మనకు కొత్త కాదు. ఆరో శతాబ్దంలో ఉజ్జయినిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమని ఒక అధ్యాయమే రాశాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, దక్షిణం వైపు రెండు పురుషుల (చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు ఒక పురుషం) లోతున తియ్యటి నీళ్ళుంటాయంటాడు. లెక్క ప్రతిచోటా కుదురుతుందని నేననను. ఆయన ఒక్క చెట్టుతో ఆగకుండా చెట్టునూ పుట్టనూ కలిపి చదవడం మాత్రం నాకు నచ్చింది. ఐతే ఆయనకు కావలసింది బావి. నాకు కావలసింది పై జానెడు.

పుబ్బ – దొడ్డి, చెరువు

మా పాత మేకల దొడ్డి చుట్టూ ఉమ్మెత్త, ఉత్తరేణి, ముళ్ళ తోటకూర, గలిజేరు. పెంట పడి నత్రజని ఎక్కువైన నేల ఎక్కడున్నా దాదాపు ఇవే వస్తాయి. వీటి మధ్య నాటిన నేలవేము ఒక్కసారిగా ఎదిగింది, ఆకు వెడల్పు.

ఊరి చెరువు దగ్గర వేరే పాఠం. మురుగు కలిసే మూలన నీటి బ్రాహ్మి చాపలా పరుచుకుని ఉంది. చూడటానికి భలే ఉంది. కానీ పక్కనే గుర్రపు డెక్క, జమ్ము, లొట్టపీసు. మురుగుతో బలిసిన నీళ్ళలో ఈ ముగ్గురూ విజృంభిస్తారు. నీటి బ్రాహ్మి కాడ్మియం, సీసం లాంటి లోహాలను ఒంట్లో కూడబెట్టుకునే మొక్క. మొక్క ఆరోగ్యంగా కనబడటానికీ, మనం తినడానికి పనికిరావడానికీ సంబంధం లేదు. ఇక్కడ పొరుగువాళ్ళను చూసి వెనక్కి తిరగాలి. ఇద్దరు కోసుకుపోతుంటే చెప్పాను. ఒకామె పారేసింది. ఇంకొకామె "మా అమ్మ కాలం నుంచీ తింటాండాంలే" అంది. ఆమె అమ్మ కాలంలో ఈ మురుగుకాలువ లేదు.

ఉత్తర – ముసురు

బయటికి వెళ్ళే వీల్లేక ఇంట్లో కూర్చుని చదివాను. చరకసంహిత కల్పస్థానం మొదట్లో మందుమొక్క ఎలాంటి చోట సేకరించాలో ఒక పొడవైన వాక్యం ఉంది. పుట్టలు, చౌడు, శ్మశానం లేని చోటు. నాగలి పడని నేల. దర్భ, రోహిష గడ్డి పరుచుకున్న నేల. నల్లటిదో బంగారు రంగుదో మెత్తని తియ్యటి మట్టి. తనకన్నా బలమైన చెట్లు అణచని మొక్క. రోహిషం అంటే మా బోద గడ్డికి దగ్గరి జాతి సువాసన గడ్డి. అంటే అక్కడ కూడా గడ్డి పేరుతోనే నేలను గుర్తించారు. జాంగల దేశానికి, అంటే పొడి మెట్ట ప్రాంతానికి, చరకుడు చెప్పిన చెట్లలో రేగు, తుమికి, ఉసిరి, అందుగు ఉన్నాయి. నాలుగూ మా కొండలో ఉన్నాయి.

ఇప్పటి కాలంలో దీనికి అంకెలు కట్టింది జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త ఎలెన్‌బర్గ్. మధ్య యూరప్ మొక్కలకు వెలుతురు, నత్రజని, నేల పులుపు లాంటివాటికి 1 నుంచి 9 వరకు, తేమకు 12 దాకా మార్కులిచ్చి 1974లో అచ్చువేశాడు. ఒక చోటున్న మొక్కల మార్కుల సగటు తీస్తే ఆ చోటు స్వభావం వస్తుంది. ఆ పట్టికను ఇక్కడికి దించుకోలేం, ఆ మొక్కలు వేరు, ఆ ఎండ వేరు. ఆలోచన మాత్రం తీసుకుని, మా కొండ మొక్కలకు మూడే మెట్లతో సొంత పట్టిక మొదలుపెట్టాను. తొమ్మిది మెట్లు పెట్టేంత తెలివి నాకింకా రాలేదు.

హస్త – మా బీడు పటం

ఇన్నాళ్ళ పట్టికను తీసుకుని మా ముక్కలో తాడు పరిచాను. పై అంచున బోద గడ్డి, వెంపలి, రెండు తంగేడు పొదలు, ఒక కుర్ర అందుగు. కొండవాలు గుంపు దిగి వచ్చినట్టే ఉంది. మధ్యలో సీతాఫలం, కలివి, కింద ఆకుమట్టి. కింది మూలన సర్కారు తుమ్మ, గరిక, మధ్యలో ఏమీ మొలవని తెల్లటి మచ్చలు.

మొక్కల మాట నిజమో కాదో చూడాలి కాబట్టి మూడు చోట్లా మట్టి తీసి సీసా పరీక్ష పెట్టాను. సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు, బాగా కలిపి వదిలేయడం. ఇసుక నిమిషంలోపే దిగింది. ఒండ్రు సాయంత్రానికి దిగింది. జిగటమట్టి మర్నాటికీ నీళ్ళను మబ్బుగానే ఉంచింది. పై అంచు మట్టిలో దాదాపు అంతా ఇసుక, గులకే. మధ్య మట్టిలో మూడు పొరలూ తెలిశాయి. కింది మూల సీసా నాలుగు రోజులైనా తేరుకోలేదు. పీహెచ్ కాగితం పైన ఆరున్నర దగ్గర, కింద ఎనిమిదిన్నర దాటి చూపింది. కింది మూల సున్నపు గులకల మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసమని నురగ. అడుగు లోతు గుంత తవ్వి నీళ్ళు పోస్తే పైన చూస్తుండగానే ఇంకిపోయాయి, కింద మర్నాడు కూడా సగం ఉన్నాయి.

గరిక, సర్కారు తుమ్మ చౌడును తట్టుకుంటాయి కాబట్టి ఆ మూలను పట్టాయి. నా ఐదింటిలో దేన్నీ అక్కడ పెట్టను.

చిత్త – నేలవేము ఫలితం

మూడు చోట్లా పూత మొదలైంది. ఎండలోవి పొట్టిగా, ఆకు చిన్నగా, అంచులు ఊదారంగుకు తిరిగి ఉన్నాయి. సీతాఫలం అంచువి మోకాలు దాటాయి, ఆకు పచ్చగా పలచగా ఉంది, చచ్చినవి తక్కువ. దొడ్డి దగ్గరివి అన్నింటికన్నా ఎత్తు, కానీ కొమ్మలు మెత్తబడి గాలికి వాలాయి, ఉత్తరేణి వాటి మీదికి ఎక్కింది.

బరువు తూస్తే దొడ్డివే గెలుస్తాయి. కానీ మనకు కావలసింది బరువు కాదు, నేలవేములోని చేదు మందు పదార్థం ఆండ్రోగ్రఫోలైడ్. అది ఆకులోనే ఎక్కువ, పూత సమయంలో కోస్తే మంచిదంటారు. దొడ్డి మొక్కలో కాడ భాగం ఎక్కువగా ఉంది. మూడు చోట్లవీ విడివిడిగా నీడలో ఆరబెట్టి, పేర్లు రాసి పరీక్షకు పంపుతున్నాను. చేదు నాలుకకు చూశాను కానీ మూడూ ఒకేలా భరించలేనంత చేదు, తేడా పట్టలేకపోయాను.

స్వాతి

ఈశాన్య రుతుపవనం వచ్చింది. బహువార్షికాలు పెట్టడానికి ఇదే అదను.

సుగంధిపాల కొమ్మ ముక్కలు పై అంచున, వెంపలి ఎక్కువగా ఉన్న చోట, గులకల కట్ట మీద నాటాను. వెంపలిని పీకలేదు. మారేడుగడ్డ మొక్కలు నర్సరీలో కొన్నవి. వాటికోసం పై అంచున పగిలిన బండ పక్కన రాళ్ళు నిలువుగా పేర్చి సందులు చేసి, సందులో ఇసుక, కొంచెం ఆకుమట్టి నింపి పెట్టాను. పొడపత్రి కలివి పొదల మొదట్లో. పిల్లితేగలు సగం పొద లోపల, సగం బయట కంచె వేసి, అంటే మేకలు అందకుండా ఎండలో. పుష్యమిలో వచ్చిన అనుమానానికి జవాబు ఈ రెండు సగాలే ఇవ్వాలి.

కంచె కోసం తాతతో కొంచెం గొడవైంది. ఆయన మేకల దారికి అది అడ్డం. గేటు పెడతానని ఒప్పుకున్నాక శాంతించాడు. "మేకలు రాకపోతే నీ కంచెలోపల లంటానా పెరుగుతాది, చూసుకో" అని ఒక మాట అనేసి పోయాడు. అది కూడా నోటుబుక్కులో రాశాను. కంచె లోపలా బయటా ఒక్కో చదరానికి మేకులు కొట్టి వదిలాను. లంటానా మొలకలు ఎటువైపు ఎక్కువో ప్రతి నెలా చూడాలి.

మిగిలిన పని: కొండ మీది చదరాలన్నింటినీ ఎండాకాలంలో మళ్ళీ రాయాలి. వానాకాలపు పట్టికలో సగం ఏడాది మొక్కలే ఉన్నాయి, అవి పోయాక ఏం మిగులుతుందో చూడకుండా ఈ పట్టిక పూర్తికాదు. మారేడుగడ్డ పెట్టిన రాతి సందుల్లో మే నెల మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో కొలవడానికి చిన్న థర్మామీటరు ఒకటి కొనాలి. నేలవేము రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడే పెడతాను.